అక్షరాంక సంకేతములు: పలుకు సంఖ్యలా, మౌన సంఖ్యలా?

నేడు తెలుగునాట ఒక సామాన్య గృహస్థు బీరువాలోని కాగితములను బయటికి తీసి చూచినచో, వానియందు అతని పేరు ఒకే తీరుగ వ్రాయబడి ఉండకపోవచ్చును గాని, ప్రతి కాగితము మీదను అక్షరములును అంకెలును కలిసిన వరుస ఒకటి తప్పక కానవచ్చును. పాన్ కార్డు మీద పది, ఓటరు కార్డు మీద పది, బ్యాంకు పాసుపుస్తకమున శాఖను తెలుపు సంకేతముగా పదకొండు, వాహనపు ఆర్‌సీలో ఛాసిస్ సంఖ్యగా పదిహేడు, ఇల్లాలి కొత్త గొలుసు కొక్కెము చెంత కంటికి ఆననంత సన్నగా చెక్కిన ఆరు. ఈ వరుసలలో ఒక్క అక్షరము తారుమారైనను పంపిన సొమ్ము చేరదు, దరఖాస్తు తిరిగివచ్చును, మనిషి తాను తానేనని నిరూపించుకొనుటకు కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును.

ఈ సంకేతములను గూర్చిన వివాదము కొత్తది కాదు. అయినను ఇటీవలి కాలమున అది మిక్కిలి చిక్కుపడినది. 2014లో రాష్ట్రము విడివడుటతో తెలంగాణమున వాహనముల మొదటి రెండక్షరములు మారినవి. 2020లో బ్యాంకులు విలీనమగుటతో లక్షలాది ఖాతాదారుల శాఖా సంకేతములు మారినవి. 2024లో తెలంగాణమున ఆ రెండక్షరములు మరల మారినవి. 2025లో, భిన్న రాష్ట్రములయందలి ఓటర్లకు ఒకే కార్డు సంఖ్య ఉన్నదను సంగతి దేశమంతటను చర్చకు వచ్చినది. ఈ నాలుగును వేర్వేరు సంఘటనలుగ కనబడినను, వాని మూలమున నున్న ప్రశ్న ఒక్కటియే: సంకేతము తాను సూచించు వస్తువును గూర్చి ఏమైన చెప్పవలెనా, లేక దానిని ఇతరములనుండి వేరుపరచి అంతటితో ఊరకుండవలెనా?

కటపయాది నేర్పిన పాఠము

అక్షరమును అంకెను కలిపి వాడుట పాశ్చాత్య యంత్రయుగముతో మనకు వచ్చినదని తలచుట పొరపాటు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమునందే హల్లులకు అంకెల విలువలను, అచ్చులకు స్థానముల విలువలను కల్పించి, ఖగోళ గణితమునకు వలయు మహాసంఖ్యలను ఒకటి రెండక్షరములలో ఇమిడ్చిన పద్ధతి కలదు. దాని కంటె సులభమై, దక్షిణదేశమున గాఢముగ నాటుకొనినది కటపయాది. క, ట, ప, య అను నాలుగక్షరములనుండి ఒకటితో లెక్క మొదలగును. వచ్చిన అంకెలను కుడినుండి ఎడమకు చదువవలెను.

సంగీతజ్ఞులకు ఇది నిత్యపరిచితము. డెబ్బదిరెండు మేళకర్తల పేర్లలో మొదటి రెండక్షరములే ఆ రాగము సంఖ్యను చెప్పును. ధీరశంకరాభరణమున ధీ తొమ్మిది, ర రెండు, తిరుగవేసినచో ఇరువదితొమ్మిది. మేచకల్యాణిలో మే ఐదు, చ ఆరు, తిరుగవేసినచో అరువదియైదు. శంకరాభరణము, కల్యాణి అను పేర్లు పూర్వమునుండి ఉన్నవే. సంఖ్య కుదురుటకై వాని ముందు ధీర, మేచ అను ముక్కలు చేర్చబడినవి. అర్థవంతమైన సంకేతమును నిర్మింపబూనినప్పుడు పేరే సంఖ్యకు లొంగవలసివచ్చునను సత్యమునకు ఇంతకంటె ప్రాచీనమైన దృష్టాంతము మనకు వెదుకనక్కరలేదు.

ఈ పద్ధతిలోనే మరియొక సూక్ష్మము కలదు. సంయుక్తాక్షరము వచ్చినప్పుడు చివరి హల్లునే లెక్కింపవలెనని నియమము. రత్నాంగిలో త్న అనుదానికి నకారమును గ్రహించి సున్న వేసినందుననే అది రెండవ మేళమైనది. కాని పదియారవదైన చక్రవాకమున ఈ నియమము చెల్లదు. అచ్చట క్ర లోని కకారమును లెక్కించిరి. నియమము ప్రకారము రేఫను గ్రహించినచో ఇరువదియారు వచ్చును. ఆ స్థానమున చారుకేశి ముందే ఉన్నది. అనగా ఒకే సంఖ్యకు రెండు రాగములు పోటీపడెడివి. ఒకటి తక్కువ కాని ఒకటి ఎక్కువ కాని కాకుండ ప్రతి వస్తువునకు ఒకే సంకేతము, ప్రతి సంకేతమునకు ఒకే వస్తువు ఉండవలెనను ఏకత్వ నియమమునకై అర్థ నియమమును సడలించిరన్న మాట. ఆధునిక సంకేతకర్తలకు ఎదురగుచున్న సంకటమును మన లాక్షణికులు ఈ విధముగ ఆనాడే పరిష్కరించుకొనిరి.

అక్షరము చేరుటకు కారణము

అంకెలు చాలవా, అక్షరములెందుకని అడుగువారికి గణితమే సమాధానము. అంకెలతో మాత్రమే ఆరు స్థానములు నింపినచో పది లక్షల సంకేతములకు మించి రావు. ఇంగ్లీషు అక్షరములిరువదియారును చేర్చినచో అవే ఆరు స్థానములలో 217 కోట్ల 67 లక్షలకు పైగా వచ్చును. బంగారు ఆభరణములపై భారతీయ ప్రమాణముల సంస్థ చెక్కించు హెచ్‌యూఐడీ సంఖ్య ఆరక్షరములదే. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి ఈ సంఖ్య లేని హాల్‌మార్కు నగను దుకాణములలో అమ్మరాదు. ఉంగరపు లోపలి అంచు మీద పన్నెండంకెలు చెక్కుటకు చోటెక్కడిది?

చోటు కలిసివచ్చిన మాట నిజమే గాని, అక్షరము తనతో ఒక చిక్కును తెచ్చినది. ఇంగ్లీషు ఓ అక్షరమునకు సున్నకు, ఐ అక్షరమునకు ఒకటికి భేదము కన్నుకు తోచదు. అందువలననే వాహనముల ఛాసిస్ సంఖ్యలో ఐ, ఓ, క్యూ అను మూడింటిని ప్రపంచమంతటను వదలివేసిరి. 2021లో మన దేశమున వచ్చిన బీహెచ్ వరుస వాహన సంఖ్యలలోను ఐ, ఓ లేవు. పాన్ సంఖ్య వేరొక ఉపాయము పన్నినది: మొదటి ఐదును అక్షరములు, తరువాతి నాలుగును అంకెలు, చివరిది అక్షరము అని స్థానములను స్థిరపరచుటచే, కన్ను మోసపోయినను స్థానమే సరిదిద్దును. బ్యాంకు శాఖల ఐఎఫ్ఎస్‌సీ సంకేతమున మాత్రము నాలుగక్షరముల వెనుకనే ఐదవది ఎల్లప్పుడు సున్న. దానిని ఓ అక్షరముగ వ్రాసి ఫారము నింపువారు నేటికిని కొల్లలు. అక్షరముల సరసన సున్నను నిలుపుట ఆ సంకేతకర్తలు చేసిన చిన్న పొరపాటు. దాని మూల్యమును చెల్లించువారు మాత్రము ఖాతాదారులు.

పలుకు సంకేతముల పక్షము

సంకేతమును చూడగనే వస్తువు తెలియవలెనని వాదించువారి పక్షము బలమైనది. గ్రంథాలయశాస్త్రమున ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రకటించిన ద్విబిందు వర్గీకరణము ఈ దృష్టికి పరాకాష్ఠ. ఆ పద్ధతిలో పుస్తకపు వీపుమీది అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు కలిసి ఆ గ్రంథవిషయమును అంగాంగముగ విప్పిచెప్పును.

పాన్ సంఖ్యలో నాలుగవ అక్షరము పీ అయినచో వ్యక్తి, సీ అయినచో కంపెనీ, హెచ్ అయినచో హిందూ అవిభక్త కుటుంబము, ఎఫ్ అయినచో భాగస్వామ్య సంస్థ, టీ అయినచో ట్రస్టు. ఐదవది వ్యక్తుల విషయమున ఇంటిపేరు మొదటి అక్షరము. 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీతో పుట్టిన పదిహేనక్షరముల సంఖ్య మరింత వాచాలము: తొలి రెండంకెలు రాష్ట్రము, పిదప పదియు పాన్ సంఖ్యయే, అటుపై ఆ రాష్ట్రమున అదే పాన్‌పై ఎన్నవ నమోదో తెలుపు గుర్తు, తరువాత సాధారణముగ జెడ్, తుదకు తనిఖీ గుర్తు. తెలంగాణమునకు 36, విభజనానంతర ఆంధ్రప్రదేశమునకు 37. బిల్లు చూచిన గుమాస్తా కంప్యూటరు తెరువకయే వర్తకుని రాష్ట్రమును, పాన్‌ను గ్రహించును. దారిలో వాహనమును ఆపిన పోలీసునకు ఏపీ 31 విశాఖపట్టణమనియు, ఏపీ 16 కృష్ణా జిల్లా అనియు సంకేతమే చెప్పెడిది. యంత్రము అందుబాటులో లేని చోట ఈ సౌలభ్యము చిన్నది కాదు.

అయితే పలుకు సంకేతము ఏ భాషలో పలుకుచున్నదో గూడ చూడవలెను. ఉమ్మడి రాష్ట్రపు జిల్లా అంకెలలో ఆదిలాబాదు 01, అనంతపురము 02, చిత్తూరు 03 అని మొదలై, శ్రీకాకుళము 30, వరంగల్లు 36 దాకా సాగి పశ్చిమ గోదావరి 37 వచ్చును. నదికి ఆవలి ఒడ్డుననే ఉన్న తూర్పు గోదావరి 05. ఈ దూరమునకు కారణము భూగోళము కాదు, తెలుగు వర్ణక్రమము కాదు. ఈస్ట్, వెస్ట్ అను ఇంగ్లీషు మాటల మొదటి అక్షరములు.

మౌన సంకేతముల పక్షము

లోకము మారును, సంకేతము మారరాదు. కనుక మారుదానిని మారనిదానియందు చేర్చరాదు. మౌన సంకేతమును కోరువారి వాదమంతయు ఇదియే. తెలుగువారి ఇటీవలి అనుభవము వారికి కావలసినన్ని సాక్ష్యముల నిచ్చినది.

డాక్టర్ భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమైనది. దాని శాఖల సంకేతములన్నియు ఏ, ఎన్, డీ, బీ అను నాలుగక్షరములతో మొదలగుచుండెను. శాఖ ఉన్న వీధి మారలేదు, కౌంటరు వెనుక గుమాస్తా మారలేదు, ఖాతాదారు మారలేదు. కాని సంకేతము బ్యాంకు పేరును పలుకునది కావున, పేరు పోగానే అదియు పోయినది. 2021 ఏప్రిల్ నుండి పాత సంకేతము చెల్లదనగా, జీతము, పింఛను, బీమా, గ్యాసు రాయితీ వచ్చు ప్రతి చోటికిని ఖాతాదారే పోయి కొత్తది వ్రాయించుకొనవలసి వచ్చెను. ఆ విలీనమునకు మూడేండ్ల ముందు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు ఖాతాదారులకును ఇట్టి మార్పే తటస్థించినది.

వాహనముల కథయు ఇట్టిదే. 2014లో తెలంగాణమునకు టీఎస్ అను అక్షరములు వచ్చినవి. 2024 మార్చిలో కొత్త వాహనములకు టీజీ అయినవి. అందువలన నేడు హైదరాబాదు వీధిలో ఎర్రదీపమునొద్ద ఏపీ 09, టీఎస్ 09, టీజీ 09 అను మూడు బండ్లు ప్రక్కప్రక్కన నిలిచియుండును. మూడింటిని నమోదు చేసినది ఒకే కార్యాలయము. మొదటిదాని సంకేతము ఆంధ్రప్రదేశమని పలుకుచున్నను ఆ బండి హైదరాబాదు విడిచి ఎన్నడును పోయి ఉండకపోవచ్చును. ఆంధ్రప్రదేశమున 2019లో రాష్ట్రమంతటికిని 39 అను ఒకే అంకెను పెట్టుటతో, అచ్చటి కొత్త సంకేతము జిల్లాను చెప్పుట మానివేసినది. కంపెనీల ఇరువదియొక్క అక్షరముల సంఖ్యలో రాష్ట్రము, పరిశ్రమ, స్థాపించిన సంవత్సరము, షేర్లు బజారున నమోదైనవో లేదో అన్నియు ఉండుటచే, కంపెనీ స్థితి మారినప్పుడెల్ల గుర్తింపు సంఖ్యయే మారుచుండును. ఇంక పాన్ సంఖ్య మారదు. అందుచే అది వేరొక విధముగ తప్పును. వివాహానంతరము ఇంటిపేరు మార్చుకొనిన స్త్రీకి పాత సంఖ్యయే ఉండును గనుక, ఐదవ అక్షరము ఆమెకు లేని ఇంటిపేరును జీవితాంతము పలుకుచునే ఉండును.

ఈ చిక్కులను తలచియే ఆధార్ సంఖ్యను మౌనముగ నిర్మించిరి. పన్నెండంకెలలో ఊరు లేదు, పుట్టిన సంవత్సరము లేదు, స్త్రీపురుష భేదము లేదు. మొదటి అంకె సున్న గాని ఒకటి గాని కాదనుట, చివరిది తనిఖీ అంకె యనుట తప్ప అందు చదువదగినది ఏమియు లేదు. సంఖ్యను చూచి మనిషి కులమును, ప్రాంతమును ఊహించుటకు వీలులేకుండుట ప్రజాస్వామ్యమున గొప్ప సుగుణము. మౌనమునకు లోపము లేకపోలేదు: యంత్రము పలుకని చోట మౌన సంకేతము వట్టి గీతల వరుస. పలుకు సంకేతము కాగితముమీదనే కొంత చెప్పగలదు. మౌన సంకేతము సర్వస్వమును దూరపు పుస్తకమునకు అప్పగించును. ఆ పుస్తకమును కాపాడువాడే సంకేతమునకు యజమాని అగును.

ఇరుపక్షముల నడుమ మూడవదియు ఒకటి కలదు: పలుకుట ఆగిపోయినను నిలిచియుండు సంకేతము. రైల్వేలో విజయవాడ సంకేతము నేటికిని బీ, జెడ్, ఏ, అది బెజవాడ. కాకినాడ టౌను సీ, సీ, టీ. అది ఇంగ్లీషువారి కొకనాడ. చెన్నై సెంట్రల్ ఎం, ఏ, ఎస్, అది మద్రాసు. ఊరు పేరు మారినను రైల్వేవారు సంకేతమును కదల్పలేదు. పలుకుగా పుట్టినది కాలక్రమమున మౌనమైనది. టికెట్టు మీద దానిని చూచి దారి తప్పినవారెవరును లేరు.

కాపలా అక్షరము

ఈ వివాదమున ఎవరికిని భిన్నాభిప్రాయము లేని అంశము ఒక్కటి కలదు. అది చివర నిలుచు తనిఖీ గుర్తు. పుస్తకముల ఐఎస్‌బీఎన్ పదంకెలుగ ఉన్న కాలమున దాని పద్ధతి సొగసైనది. మొదటి అంకెను పదిచే, రెండవదానిని తొమ్మిదిచే, ఇట్లు తగ్గించుచు గుణించి, మొత్తము పదునొకటిచే నిశ్శేషముగ భాగింపబడునట్లు చివరి గుర్తును ఎన్నుకొందురు. ఆ గుర్తు పది కావలసివచ్చినచో ఒక స్థానమున పది పట్టదు. కనుక రోమను పదియైన ఎక్స్ అక్షరమును వేసిరి. ఐదు అను గుణకము క్రింద నాలుగు, నాలుగు అను గుణకము క్రింద ఏడు ఉన్నవనుకొనుడు: ఇరువదియు ఇరువదియెనిమిదియు కలిసి నలువదియెనిమిది. వ్రాయువాడు తొందరలో వానిని తారుమారు చేసినచో ముప్పదియైదును పదియారును కలిసి ఏబదియొకటి. మొత్తము మూడు హెచ్చినది, పదునొకటి లెక్క చెడినది, తప్పు పట్టుబడినది. 2007లో ఐఎస్‌బీఎన్ పదమూడంకెలు కాగా ఆ ఎక్స్ వెడలిపోయినది.

బ్యాంకు కార్డులపై వాడు లూన్ పద్ధతి ఒక్క అంకె తప్పును తప్పక పట్టును గాని, సున్న తొమ్మిది తొమ్మిది సున్నగా మారినచో గ్రహింపలేదు. డచ్చి గణితజ్ఞుడు వెర్‌హూఫ్ 1969లో ప్రకటించిన పద్ధతి ఆ కన్నమును గూడ పూడ్చినది; ఆధార్ సంఖ్యలో చివరి అంకె ఆ పద్ధతిదే. వాహనముల నమోదు సంఖ్యలకును, ఐఎఫ్ఎస్‌సీ సంకేతములకును ఇట్టి కాపలా లేదు.

తనిఖీ గుర్తు చేయలేనిదానిని గూడ చెప్పవలెను. అది వ్రాతతప్పును పట్టును, మనిషిని గుర్తింపదు. సంఖ్య నియమబద్ధముగ నున్నదనుటకును, అది ఈ మనిషిదే యనుటకును ఉన్న అంతరమును కార్యాలయములు తరచు మరచుచున్నవి.

ఒక్కటా, పెక్కులా?

ఓటరు కార్డు సంఖ్యలో మూడక్షరములు, ఏడంకెలు. 1993లో ఈ కార్డులు ఆరంభమైన పిమ్మట చాలకాలము రాష్ట్రములు వేర్వేరుగ సంఖ్యల నిచ్చుకొనెను. ఒకే అక్షర వరుసను రెండు రాష్ట్రములు వాడుటచే కొందరికి ఒకే సంఖ్య వచ్చినదనియు, ఆ ఓటర్లు నిజమైనవారే యనియు ఎన్నికల సంఘము 2025 మార్చిలో వివరించినది. చక్రవాకమునకును చారుకేశికిని తప్పిన పోటీ ఇచ్చట తప్పలేదు. సంఖ్యలిచ్చుచోట లెక్క చూచుకొను ఒక్క చేయి లేకపోవుటయే కారణము.

దీనిని చూపి, అన్నిటికిని ఒకే సంఖ్య ఉన్నచో ఈ బాధ యుండదని ఒక వర్గము వాదించును. అన్నిటిని ఒక తాటికి కట్టినచో ఆ తాడు పట్టినవానికి పౌరుని జీవితమంతయు చిక్కునని రెండవ వర్గము. సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని తేల్చినది. 2018 సెప్టెంబరు 26న ఐదుగురి ధర్మాసనము సంక్షేమ పథకములకును, పాన్‌తో జోడించుటకును ఆధార్‌ను ఆమోదించి, ప్రైవేటు కంపెనీలు ఒడంబడికల పేరిట దానిని కోరుటను కొట్టివేసినది. న్యాయస్థానము ఇచ్చినది మధ్యమార్గము. కాని జోడింపు మొదలైన చోట పేర్ల చిక్కు తెలుగువారికి ప్రత్యేకముగ తగిలినది. ఇంటిపేరును ముందు వ్రాయుట మన ఆచారము. దానిని ఒక పొడియక్షరముగ కుదించుట మన బడుల అలవాటు. ఫారము మాత్రము చివరి పేరును ఇంటిపేరుగ భావించును. అందువలన పెక్కుమంది సంఖ్యలు రెండును సరియైనవే యైనను, పేర్లు కలియక నిలిచిపోయిరి. సంఖ్యలో లేని దోషము ఫారములోనుండి వచ్చినది.

లిపి సంగతి

తెలుగు అక్షరము గుర్తింపు సంకేతముగ నేటికిని బ్రతికియున్న చోటు భూమి రికార్డు. తెలంగాణమున సర్వే నంబరు విడిపోయినప్పుడు గీత ప్రక్కన అ, ఆ, ఇ అని ఉపవిభాగములు వ్రాయుదురు. అన్నదమ్ములు పంచుకొనిన కొలది ఆ గీతలును పెరుగును. కోస్తా రాయలసీమలయందు ఆ స్థానమున ఇంగ్లీషు అక్షరములు. చేతివ్రాతలో అ, ఆల భేదము ఒక చిన్న కొమ్ము. ఆ కొమ్ము జారినచో పొలమే జారును. తెలుగు అంకెలలో సున్నకును అక్షరముల ప్రక్కనుండు నిండుసున్నకును ఆకారభేదము లేదను సంగతి, ఇంగ్లీషు ఓ, సున్నల చిక్కు మనకును కలదని చెప్పుచున్నది. ఇప్పుడు దేశమంతటను ప్రతి కమతమునకు దాని అక్షాంశ రేఖాంశములనుండి పదునాలుగక్షరముల సంఖ్య నిచ్చు ఏర్పాటు సాగుచున్నది. ఆంధ్రప్రదేశమున పునఃసర్వే జరిగిన గ్రామములలో తాతలనాటి సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చినది. రైతు నోటనున్న నంబరునకును, పాసుపుస్తకములోని నంబరునకును వంతెన వేయు పట్టిక అతని చేతిలో లేకపోవుటయే అచ్చటి ఆందోళనకు పెద్ద హేతువు.

తేలినది, తేలనిది

పక్షములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, పలుకు సంకేతము చూచువానికి ఉపకరించును, కాలమునకు లొంగును. మౌన సంకేతము కాలమును గెలుచును, పుస్తకమును కాపాడువానికి లొంగును. శాశ్వతముగ మనిషికి గాని భూమికి గాని తగిలించు సంకేతము మౌనముగనే ఉండవలెననియు, కొన్నాళ్లు వాడి విడుచు వస్తువునకు పలుకు సంకేతము తగుననియు ఈ వ్యాసకర్త నిర్ణయము. చూపునకు మోసము చేయు అక్షరములను విడుచుట, చివర కాపలా గుర్తు నుంచుట ఎవరికిని భారము కాదు. ఒక్క సంఖ్యయా పెక్కు సంఖ్యలా అను ప్రశ్న మాత్రము గణితముచే తేలునది కాదు. అది పౌరునికిని ప్రభుత్వమునకును నడుమనుండు నమ్మకముపై ఆధారపడినది, ఇంకను తేలలేదు.

ఒక్క విన్నపము. సంకేతమును మార్చుట ఏ కార్యాలయపు నిర్ణయమో, ఆ మార్పు భారమును ఆ కార్యాలయమే మోయవలెను. కొత్త సంఖ్య ప్రక్కన పాత సంఖ్యను కనీసము పదేండ్లు ముద్రింపుడు. పాతదానితో వచ్చినవానిని వెనుకకు పంపక, కొత్తదానిని మీరే వెదకి వ్రాసియిండు.